వాకిట్ల బల్బు, వంటింట్ల మిక్సీ

తాండూరుల మా ఇంట్ల మిక్సీ ప్లగ్గుకు మాపటికి కరెంటు ఉంటది, పొద్దుగాల ఉండది. నాకు మండింది. మూడు రోజులు మెయిన్ బంద్ చేసి బోర్డు ఇప్పిన, కొత్త స్విచ్చు ఏసిన. ఫాయిదా లేదు. ఆఖరికి పక్కింటి ఎలక్ట్రీషియన్ చాచాను పిలిస్తే, వైర్లు చూసి నవ్విండు.

"గీ ప్లగ్గుకు కరెంటు వాకిట్ల బల్బు స్విచ్చు నుంచి గుంజిండ్రు. బల్బు బందైతే ఇదీ బందే. ఎవరు చేసిండ్రు గీ పని?"

చేసింది నేనే, పోయిన నెల; ఆ సంగతే యాది మరిచిన. మా ఇంటామె పొద్దుగూకంగనే ఆ బల్బు ఏసి, తెల్లారంగనే బంద్ చేస్తది.

"నాకు ఎరుకే. నేను బల్బు ఏసుకొనే చట్నీ పడుతున్న," అన్నది ఆమె.

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు బోర్డు ముంగట కూసుంటే ఇల్లు మస్తు నిమ్మళంగ ఉన్నది. ఇంకో నాలుగు రోజులు ఆగుదామనుకున్న."