మూరెడు గోడ

“ఆ గోడకి పెయింట్ ఎవడు వెయ్యమన్నాడు?”

“నేనే, నాన్నా. కొనడానికొచ్చేవాళ్లకి నీ యెరూషలేము గోల దేనికి? వాళ్లకి ఇల్లు నీట్‌గా కనపడాలి.”

పైన ఇంటి ఓనరు ఒహానా ముసలాయన, కొడుకు అరుచుకుంటున్నారు. స్టూడెంట్ వీసాల వరదలో మాంట్రియల్ వచ్చి, కాలేజీ మానేసి, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో మరో ఐదుగురితో ఇరుక్కున్న కిరీటికి అంతా వినపడుతోంది. పై ఇంట్లో తలుపు ఎదురుగా రంగు లేని ఆ మూరెడు చోటును నిన్న నున్నగా పూసింది అతనే.

కొడుకు వెళ్లాక మెట్లెక్కాడు. “సారీ అంకుల్. నాకు తెలీదు.”

ఒహానా తిట్టలేదు. యెరూషలేములో గుడి కూలిన గుర్తుగా యూదులు ఇంట్లో అంత గోడను పూయకుండా వదిలేస్తారట. మొరాకోలో వాళ్ల నాన్నా వదిలాడు. తర్వాత అన్నలు యెరూషలేముకే వలస వెళ్లారు. ఈయన మాత్రం పనికోసం ఇటొచ్చాడు. వచ్చే ఏడు వెళ్తానంటూనే యాభై ఏడేళ్లు గడిపేశాడు. ఇప్పుడక్కడ అన్నలూ లేరు.

“శుక్రవారం వాడు నన్ను ఓల్డేజ్ హోమ్‌లో దింపేస్తాడు. అక్కడ గోడ ముట్టుకోనివ్వరు. నా చేతులా వణుకుతున్నాయి. ఈ నాలుగు రోజులకైనా ఆ రంగు గీకెయ్యి, బాబూ.”