మొదటి ముద్ద

షామీర్‌పేట చెరువులో జైపాల్ వల వేస్తే దూడంత రవ్వ చేప పడిందని, దాన్ని ఒడ్డుకు లాగడానికి ట్రాక్టర్ తెప్పించారని చెప్పుకుంటారు. చెప్పుకునేది జైపాలే. చేపల సంగతిలో తప్ప అతడు అబద్ధమాడడని భార్య వినోదకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మీదే ఆమె అన్నం తినేది. పెళ్లయిన మూడో ఏడు నుంచి ఆమె చెవిలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడసాగారు. కూరలో విషముందనేవాళ్లు. డాక్టరు దాన్ని స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలు రాశాడు. జైపాల్ మాత్రం ఆమె కంచంలోంచే మొదటి ముద్ద తినేవాడు.

"సూడు, సచ్చిన్నా?"

"జర ఆగు, ఇంకా టైముంది," అనేది వినోద.

"నేను పోతే దూడంత చేపను ఎవడు వడ్తడే?"

నవ్వుతూ రెండో ముద్ద ఆమె నోటికి అందించేవాడు. చెవిలో వాళ్లెంత అరిచినా ఆమె అతడి మాటే వినేది.

ఈ వానకాలం వినోద మాత్రలు మానేసింది. వాటితో పొద్దంతా మత్తు. భర్త చెయ్యి వేసినా ఇంకెవరి ఒంటి మీదో వేసినట్టుండేది. కొన్నాళ్లకు చెవిలో గొంతులు మళ్లీ లేచాయి. పొడి కలుపుతున్నారన్నాయి.

"కూరల ఏమన్న గలిపిన్రా?" అని అడిగిందామె.

"నీ మీద ఒట్టు, ఏం లేదు," అని జైపాల్ ముద్ద మింగాడు. ఆమె తిన్నది.

ఒక మధ్యాహ్నం నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, అత్త ఈదమ్మ రోట్లో తెల్ల మాత్రలు నూరుతోంది. పక్కనే చేపల పులుసు.

"మందే బిడ్డా, ఇసం గాదు," ఈదమ్మ రోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఏసుకుంటలేవని మేమే అనుకున్నం."

"మేమంటే?"

వాకిట్లో వల చిక్కులు తీస్తున్న జైపాల్ తల ఎత్తలేదు.

వినోద అతడి దగ్గరికి వచ్చింది. "నా మీద ఒట్టేస్తివి గదయ్యా."

"నువ్వు మంచిగ గావాల్నని..."

"లేంది వినబడ్తదని మీరే అంటిరి. ఇది ఉన్నదే గద! ఇగ నేను ఎవల మాట వినాలె?"



సాయంత్రం వినోద డబ్బా మూత తీసి, తన చేత్తోనే మాత్ర వేసుకుంది. జైపాల్ ముఖం వెలిగింది. గబగబా అన్నం కలుపుకొచ్చి, మొదటి ముద్ద తిని, రెండోది ఆమె నోటి దగ్గర పట్టాడు.

ఆమె నోరు తెరవలేదు. లేచి పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టింది. తన ఒక్కదానికి సరిపడా బియ్యం కడగసాగింది.