ఆముదం తాగిన గునియా

మా చిన్నప్పుడు... ఆదోనిలో మృగశిర వాన పడిందంటే మా నాయన కాలు ఒకచోట నిలిచేది కాదు. మేము వడ్లవాళ్ళం, అంటే వడ్రంగులం. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వాకిట్లో ఎవరో ఒక రైతు, విరిగిన నాగలో గొర్రో దించుకుని నిలబడి ఉండేవాడు.

గొర్రు అంటే ఈ కాలం పిల్లలకు తెలీదు... విత్తనం వేసే పనిముట్టు. అడ్డంగా ఒక దూలం, దానికి దిగేసిన చెక్క పళ్ళు. ఎద్దులు లాగుతుంటే పళ్ళు నేలను చీలుస్తాయి, వెనకాలే వెదురు గొట్టాల్లోంచి గింజ జారి సాలులో పడుతుంది. పళ్ళన్నీ ఒకే వాలులో ఉండాలి. ఒకటి ఎక్కువ వంగిందా... ఆ సాలులో గింజ లోతుకు పోయి కుళ్ళిపోతుంది, పక్క సాలులో పైపైనే పడి పిచ్చుకల పాలవుతుంది.

ఆ ఏడు పెద్దకడుబూరు నుంచి ఈరన్న వచ్చాడు. కిందటేడు వానలు మొహం చాటేశాయి. ఇంట్లో తినకుండా దాచుకున్న కొర్ర విత్తనం ఒక్క విత్తుకే సరిపోతుంది. అది చెడితే ఆ ఏడాది ఇంటిల్లిపాదికీ పస్తే.

"అన్నా, మొదటి సాలుకే దూలం ఇరిగిపాయ. నేల పదును ఆరిపోతాంది... ఎట్లన్నా సేసి మద్యానానికి ఇయ్యి" అన్నాడు. కూర్చోమంటే కూర్చోడు. ఎండ వైపు చూస్తాడు, ఎద్దుల వైపు చూస్తాడు, మళ్ళీ వస్తాడు.

నాయన కొత్త తుమ్మ దూలం తీశాడు. పళ్ళు దిగే రంధ్రాలకు గీతలు గీయాలి కదా... దానికి మా ఇంట్లో ఒక వాలు గునియా ఉండేది. మామూలు గునియా, అంటే మూలమట్టం, నిలువు మూలకే పనికొస్తుంది. ఇది మడత కత్తిలాంటిది. కొయ్య పిడి, ఇనుప రేకు, మధ్యలో మర. కావలసిన వాలుకు రేకును తిప్పి మర బిగిస్తే, దూలం పొడుగునా అదే వాలు గీసుకుంటూ పోవచ్చు.

ఆ రోజు అది నిలవనంటే నిలవనంది!

మొదటి గీత గీశాడు. రెండో దానికి జరిపేసరికి రేకు జారింది. మళ్ళీ బిగించాడు... మళ్ళీ జారింది. పట్టుకారుతో తిప్పాడు, దారం చుట్టి చూశాడు, సుత్తితో ఒక దెబ్బ కూడా వేశాడు. ఊహూఁ. నాయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"ఇంగా ఎంతసేపన్నా?"

"నువ్వట్ల నెత్తిమీద నిలబడితే యాడ అవుతాదప్పా! జరుగు."

నాకూ ఒళ్ళంతా జెర్రులు పాకినట్టే ఉంది. ఆ ఆత్రం మా వంశంలోనే ఉంది లెండి.

చివరికి మర మొత్తం ఊడదీశాడు. లోపలి నుంచి చిక్కటి ఆముదం బొట్లు బొట్లుగా కారింది... అందరం ఒకేసారి మా అవ్వ వైపు చూశాం.

అవ్వంటే నాయన తల్లి. ఏరువాక పున్నమికి పనిముట్లన్నిటికీ ఆముదం పూసి, పసుపు కుంకుమ పెట్టేది. ఆ నూనె తనంతట తాను ఆరేదాకా ఎవరూ తుడవకూడదు. అది మా ఇంటి కట్టడి. పున్నమి వెళ్ళి ఇంకా రెండు రోజులు కూడా కాలేదు. చూపు ఆనక అవ్వ ఆ ఏడు ధారాళంగా పోసేసింది.

"తుడిసేద్దునా మా?" నాయన గొంతు సన్నగా వచ్చింది. ఊరందరి మీదా లేచే మనిషి, తల్లి ముందు అంతే.

"వద్దురా! మీ నాయన ఒకతూరి ఇట్లే తుడిసినాడు. మర్నాడే కొయ్య సెక్కే బాడిస కాలి మీద పడె. సచ్చేదాకా కుంటినాడు" అంది అవ్వ. దేవుడికి కోపం వస్తుందని కాదు ఆమె భయం... కొడుకు చేతికి ఏమవుతుందోనని.

నాయన గునియా కింద పెట్టేశాడు. ఈరన్న పాపం, ఎద్దుల దగ్గరికి వెళ్ళి కాడి తాళ్ళు ఊరికే విప్పి కట్టుకుంటున్నాడు.

అవ్వ అతన్నే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి లేచింది. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, గునియా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా సేత్తో తుడిస్తే ఆ కోపమేదో నా మీదే రానీ. నాకేంరా... సెయ్యి పోతే కూసోని తింటా."

పరపరా రుద్దింది. రేకు, పిడి, మర... పాత చీర పేలికతో తుడిచి, నాయన చేతికిచ్చింది. నాయన పాత చెప్పు తోలు గుండ్రంగా కోసి రేకుకీ పిడికీ మధ్య పెట్టి మర బిగించాడు. దూలం మీద గట్టిగా కొట్టి చూశాడు. కదల్లేదు!

మధ్యానం దాటింది కానీ, పొద్దుండగానే ఈరన్న బండి కదిలింది.

తర్వాత చూడాలి మా ఇల్లు! నాయనకు అలాంటి నమ్మకాలేమీ లేవట... అయినా ఆ వారమంతా అవ్వను కత్తిపీట దగ్గరికి రానిస్తే ఒట్టు. కట్టె విరవనీయలేదు, పొయ్యి దగ్గర కూర్చోనీయలేదు. "నేనేమన్నా బాలింతనా?" అని అవ్వ తిట్లు.

ఇంకో పక్క, ఆ గింజ మొలిచిందో లేదోనని ఒకటే తిరుగుడు. చివరికి ఉండబట్టలేక, దొరికిన బండెక్కి పెద్దకడుబూరు పోయాడు. మర్నాడు మోకాళ్ళ దాకా నల్లమట్టితో వచ్చాడు. నేను ఎదురు పరిగెత్తి "మొలిసిందా నాయనా?" అన్నాను.

నాయన నా మాట వినిపించుకోలేదు. నేరుగా లోపలికి పోయి, అవ్వ చెయ్యి పట్టుకుని, వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత చెప్పాడు... "మొలిసిందిమా. అన్ని సాళ్ళూ."

ఇప్పుడు గొర్రు కొట్లో దొరుకుతుంది. ట్రాక్టరు వెనక తగిలించుకుంటే పూటలో విత్తు అయిపోతుంది. మంచిదే, ఎవరికి చేదు... కానీ దాన్ని చేసినవాడెవరో మనకు తెలీదు, అది ఎవరి చేలో నడుస్తోందో వాడికీ తెలీదు. మొలిచిందా అని అడగడానికి రాడు.

మీ ఇళ్ళలో కూడా ఉండేవారా, కోపమేదో నా మీదే రానీ అని ముందుకొచ్చిన ముసలమ్మలు? ఉంటే రాయండి... చదువుకుంటాను.