అక్క కిడ్నీకి కాపలా

మా వయొలిన్ మాస్టారు మొన్న సోమవారం తెల్లవారుతుండగా పోయారు. న్యుమోనియా వచ్చింది, కోలుకోలేదు. ఫోన్ చేసి చెప్పింది ఆయన అక్కగారు. శిష్యులందరికీ ఆమె పెద్దమ్మ.

విజయనగరంలో వాళ్ల ముందుగదిలోనే నేను కమాను పట్టడం నేర్చుకున్నాను. మాస్టారు పెళ్లి చేసుకోలేదు. భర్త పోయాక పెద్దమ్మ తమ్ముడి దగ్గరకే వచ్చేసింది. ఆయన కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతున్నప్పుడు తనది ఒకటి ఇస్తానంది. ఆయన వద్దన్నారు.

"నోరు మూసుకోరా. నాకు రెండున్నాయి. నువ్వు పోయాక రెండూ ఎట్టుకుని ఏటి సేసుకోను?" అంది.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు ఒకటే దాహం, నీరసం. చూస్తే షుగర్. అంతకుముందు ఆయనకు లేదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందుల వల్ల కొందరికి ఇలా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. మందులు ఆపితే కిడ్నీ నిలవదు. షుగర్‌ను పట్టించుకోకపోయినా మెల్లగా అదే దెబ్బతింటుంది. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. మాస్టారు ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డారు.

"నా ఒళ్లయితే ఎలాగోలా ఈడ్సేద్దును. ఇది మా అక్కది గదమ్మా," అన్నారు.

ఆ తర్వాత ఆయన దాన్ని చూసుకున్న తీరు చూడాలి. రక్తపరీక్షకు సూది ఎప్పుడూ కుడిచేతి వేళ్లకే, ఎడమ వేళ్లు తీగలకు కావాలని. గుళ్లో చక్కెర పొంగలి పెడితే కళ్లకద్దుకుని పక్కవాళ్ల దొన్నెలో వేసేసేవారు. ఇన్సులిన్ వేళకు పాఠం ఆపి లేచేవారు. ఆ గోలీలు మానేసి ఆకుపసరు తాగమని ఒకాయన చెబితే నవ్వారు.

"శ్రుతి తప్పిందని తీగ తెంపుకుంటామేటి బాబూ? సరిసేసుకుంటాం."

ఒక ఏడాది పెళ్లిళ్ల కచేరీల్లో తిండి వేళలు తప్పాయి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. షుగర్ కిడ్నీని తాకిందన్నారు. ఇంటికి రాగానే పెద్దమ్మ ముందు నిలబడి, "అక్కా, నీదాన్ని సరిగా సూసుకోలేదే," అన్నారు.

"నువ్వు బతకాలని ఇచ్చాన్రా, బయపడతా కూసోమని కాదు. లే, సాధకం సెయ్యి," అందామె.

అప్పటినుంచి బయటి కచేరీలు మానేసి పాఠాలకే పరిమితమయ్యారు. కిడ్నీ కాస్త నీరసించినా నిలబడింది. మళ్లీ డయాలసిస్ గడప తొక్కలేదు. ఆ ఏళ్లలోనే నాకు కీర్తనలన్నీ వచ్చాయి.

పాడె లేపే ముందు పెద్దమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. పంచె మీదుగా, కుడివైపు పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడే ఎట్టార్రా," అంది, ఎవరితోనో తెలీకుండా.

ఆ చెయ్యి ఆమె తనంతట తీసేదాకా మేం పాడె లేపలేదు.