ఖాళీ గొట్టం నీలమైన రోజు

మా మేడమ్ గారు పోయారని కబురు వచ్చినప్పుడు గాజువాకలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మేడమ్ గారు కాలేజీ లేబొరేటరీలో చక్కెరకు ఫాస్ఫేట్ అతికించేవారు. మన ఒంట్లో క్షణక్షణం జరిగే పనే అది, గాజు బుడ్డిలో చేయబోతే ఇంత కష్టమా అని నవ్వేవారు. ఆ గాజు సామానంతా కడిగింది నేను. తడి తగిలితే మందులు చెడిపోతాయి. ముసురు పట్టిన రోజున సముద్రం గాలిని తిట్టుకుంటూ కిటికీలు మూసేవారు. నేను ఆరబెట్టిన ప్రతి బుడ్డినీ ఒక కన్ను మూసి వెలుగుకి పట్టి చూసేవారు. టీలో మాత్రం చక్కెర వేసుకునేవారు కాదు. "రోజంతా దానితోనే కాపరం కదా అప్పా" అనేవారు. మా వైపు అక్కని అప్ప అంటారు, అక్కడ అందరికీ నేను అప్పనే.

ఇప్పుడు అసలు మాట. ఒకప్పుడు ఆవిడ శిష్యుడు, ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చున్న సారు, కాలేజీలో పెట్టిన సంతాప సభలో స్మారక పుస్తకానికి రాసిన వ్యాసం చదివారు. "చదువు రాని పనిమనిషి గొట్టాలు సరిగా కడగక పరిశోధన పాడైనా, దయగల మేడమ్ ఆమెను తీసేయలేదు" అని. అందరూ తలలూపారు. నేను లేచాను.

"దయేటి బాబూ? ఆ గొట్టాలు సబ్బుతో కడగమన్నదెవులు?"

జరిగింది ఇది. ఫాస్ఫేట్ ఎంతుందో చూసే గొట్టాలను యాసిడ్‌తోనే కడగాలి. మందు వేస్తే ఫాస్ఫేట్ ఉన్న నీరు నీలం తిరుగుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురు. స్టోర్‌లో యాసిడ్ అయిపోతే మేడమ్ గారే కొట్టు నుంచి బట్టల సబ్బుపొడి తెచ్చి ఇచ్చారు. ఇక గొట్టాలన్నీ ముదురు నీలం. చక్కెరకు ఫాస్ఫేట్ అనుకున్నదానికన్నా ఎక్కువ అతుక్కుందని సంబరపడి పత్రికకి పేపరు రాసి పంపేశారు. పోల్చి చూసుకునే ఉత్త నీళ్ళ గొట్టం ఒకటి వేరే ఉండేది, దాన్ని ఖాళీ గొట్టం అనేవారు, దానికి సబ్బు తగల్లేదు. అది పగిలిపోతే, కడిగినవాటిలోంచి ఒకటి తీసి పెట్టాను. అదీ నీలమైంది.

"అమ్మా, ఉత్త నీల్లు కూడా నీలమైపోనాయేటి?" అన్నాను.

మేడమ్ గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ సబ్బుపొడిలోనే ఫాస్ఫేట్ ఉందట. ఇదే సారు, అప్పటి కుర్రవాడు, "అప్ప సరిగ్గా కడగలేదు మేడమ్" అన్నాడు.

"ఆవిడ బాగానే కడిగింది. పొడి తెచ్చింది నేను" అన్నారావిడ.

ఆ రోజే పేపరు వెనక్కి తీసుకున్నారు. అంతా మొదటి నుంచి చేశారు. సగమే వచ్చింది. "సగమైనా నిజంగా వచ్చింది అప్పా" అన్నారు.

సభలో సారు గొంతు తగ్గించారు. "పోయినావిడ మీద తప్పెలా రాత్తామప్పా? పరువు పోదా?"

"తప్పు నాదని ఒప్పుకోడమే ఆవిడ పరువు. దాన్ని తీసుకెల్లి నా నెత్తిన పెట్టి, ఆవిడకి దయ అంటగడతావా? లేబొరేటరీలో ఆవిడ బీరువా తియ్యి. అప్పటి నోటు పుస్తకం తే."

తెచ్చారు. పైకి చదవమన్నాను. "పొరపాటు నాది. ఖాళీ గొట్టం నీలం కావడం మొదట గమనించింది అప్ప." కింద మేడమ్ గారి సంతకం. ప్రయోగాల పుస్తకంలో కళ్ళారా చూసినవాళ్ళు సంతకం పెట్టే చోటు ఒకటి ఉంటుంది. చదువుకున్నవాళ్ళు చుట్టూ అంతమంది ఉండగా, అక్కడ ఆవిడ నా వేలిముద్ర వేయించారు.

సారు కలం తీసి తన వ్యాసంలో ఆ వాక్యం కొట్టేశారు. నాకది చాల్లేదు. నోటు పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి బల్ల మీద పెట్టాను. ఫ్యాన్ గాలికి పేజీ లేస్తుంటే అంచు అదిమిపట్టి నిలబడ్డాను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వంగి చదివి వెళ్ళారు. ఆఖరి మనిషి చదివేదాకా చెయ్యి తీయలేదు.