పాకంలో ఊరిన వాచీలు

నిన్న సాయంత్రం ఫొటోగ్రాఫర్ పెళ్ళి ఆల్బమ్ నమూనా తెచ్చి నా ముందు పెట్టాడు. మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి. వాళ్ళది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. పెళ్ళి మాత్రం మా అనకాపల్లిలోనే జరిగింది కాబట్టి ఆల్బమ్ చూసే పని నా నెత్తిన పడింది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక ఫొటో దగ్గర ఆగి, "ఇది సరిగ్గా రాలేదమ్మా, తీసేత్తాను" అన్నాడు. అతని మాట నిజమే. అందులో పెళ్ళికొడుకు సగమే కనిపిస్తున్నాడు. పంతులుగారి ముఖానికి ఎవరిదో మోచెయ్యి అడ్డొచ్చింది. ఫొటో నిండా పైకి లేచిన చేతులే. తెర మీద నుంచి కూడా గోరింటాకు పెట్టుకున్న చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది. ఆ చేతులన్నిటికీ వాచీలున్నాయి. "అది తీసేసావంటే నిన్ను మళ్ళీ మా గుమ్మం ఎక్కనివ్వను. అదొక్కటీ పెద్దది చేసి ఫ్రేము కట్టించి పట్టుకురా" అన్నాను. అతను నన్ను అదోలా చూశాడు. వాచీల విషయంలో నన్ను అలా చూడనివాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ లేరు, కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఈ వాచీల పిచ్చి నాకు పుట్టింటి నుంచి రాలేదు, అత్తవారింట్లోనే తగులుకుంది. మాది బెల్లం వ్యాపారం. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో విశాఖపట్నం నుంచి ఒకాయన సూట్‌కేసు పట్టుకుని మా కొట్టుకు వచ్చేవాడు. ఓడల మీద దిగిన సరుకు అమ్మేవాడు. పైన సెంటు సీసాలు, మధ్యలో మడత గొడుగులు, అట్టడుగున గుడ్డలో చుట్టిన వాచీలు. మా ఆయన అప్పట్లో కొత్త పెళ్ళాం మోజులో ఉన్నారు, ఆ మోజు తగ్గేలోపల నేనూ త్వరపడ్డాను. బంగారు రంగు ఉంటే చాలు, చుట్టూ రాళ్ళుంటే మరీ మంచిది. వాటికోసం లోపల ఎర్ర ముఖమల్ పరిచిన పెట్టె ఒకటి కొన్నాం. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు పసుపు కుంకుమల తర్వాత ఆ పెట్టె మూత తీసి చూపించేదాన్ని. అందులో ఏవి నడుస్తున్నాయో, ఏవి ఆగిపోయాయో నాకు తెలీదు. అవి నడవాలన్న సంగతే నాకు తోచలేదు. నగలు నడుస్తాయా? మా మామగారు ఒకసారి పెట్టెలోకి తొంగిచూసి, "ఇన్ని వాచీలున్నాయి, రెండైనా ఒక్క టైము సెప్పవేటమ్మా?" అన్నారు. ఆయనకు అందం తెలీదని సరిపెట్టుకున్నాను.

అప్పట్లో ఆ ఇంట్లో నాకున్న స్నేహితురాలు మా ఆడపడుచే. నాకంటే కాస్త చిన్నది. మేడ మీద గదిలో ఉప్పూ కారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటూ ఇద్దరం లోకం మీద ఉన్నవాళ్ళందరినీ కడిగేసేవాళ్ళం. వాచీల పెట్టె తీస్తే నాకంటే ముందు దాని చెయ్యే లోపలికి వెళ్ళేది. దాని పెళ్ళికి బుచ్చయ్యపేట వైపు చెరుకు రైతుల సంబంధం కుదిరింది. మా వీధిలోనే పందిరి వేశారు. ఉదయం పూట ముహూర్తం. తీరా పీటల మీద కూర్చున్నాక పంతులుగారు, తన వాచీ రిపేరుకు ఇచ్చానని, ఎవరిదైనా మంచి వాచీ ఉంటే ఇమ్మని అడిగారు. మంచి వాచీ అన్న మాట చెవిన పడగానే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మెట్లెక్కి, పెట్టె తీసి, అన్నిటికంటే మెరిసే వాచీ అందుకున్నాను. సూట్‌కేసు ఆయన దాన్ని ఆటోమేటిక్ అని చెప్పి అమ్మాడు. ఆటోమేటిక్ అంటే దాని మానాన అదే నడుస్తుందని నా అర్థం. చేతిలోకి తీసుకోగానే ముల్లు కదిలింది కూడా. మా మామగారి గడియారం చూసి టైము పెట్టి, దాన్ని తీసుకెళ్ళి జీలకర్ర బెల్లం ఉన్న వెండి పళ్ళెంలో, ఊరంతా చూసేలా నిలబెట్టాను.

పంతులుగారు మధ్యమధ్యలో పళ్ళెంలోకి చూసి, ఇంకా వ్యవధి ఉందంటూ మంత్రాలు సాగదీస్తున్నారు. సన్నాయివాళ్ళు కూడా సాగదీస్తున్నారు. ఆడవాళ్ళ చూపులన్నీ పెళ్ళికూతురి మీద ఉన్నాయో, నా వాచీ మీద ఉన్నాయో లెక్క చూసుకుంటూ నేను మురిసిపోతున్నాను. ఇంతలో పెళ్ళికొడుకు మేనమామ పందిరి చివర నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఏటి పంతులుగోరూ, ముహూర్తం ఎప్పుడో దాటిపోనాది!" అని కేకేశాడు. సన్నాయి ఆగింది. అందరూ పళ్ళెంలోకి చూశారు. వాచీ మిలమిలా మెరుస్తోంది, ముల్లు మాత్రం కదలడం లేదు. పంతులుగారు పంచాంగం తిరగేసి, ఆ వెనకే ఇంకో మంచి ఘడియ ఉందని చెప్పి పెళ్ళి కానిచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టుకుని మా ఆడపడుచు నావైపు చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత దాని సంసారంలో ఏం జరిగినా నా వాచీయే కారణం. గేదె పాలివ్వకపోయినా, చెరుకు వాలిపోయినా, మొగుడు కూరలో ఉప్పు లేదని కసిరినా, "మా వదిన వాచీ పుణ్యమే" అనేది. నవ్వుతూనే అనేది కాబట్టి వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ పైకి నవ్వేదాన్ని. కానీ ఒకటి మాత్రం ఆ రోజు నుంచి మానేసింది. నన్ను టైము అడగడం మానేసింది. ఊరికి వెళ్ళే బస్సు ఎప్పుడో చూసుకోవాలంటే మా ఆయన్ని అడిగేది, పిల్లల్ని అడిగేది, ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన అతన్ని కూడా అడిగింది. పక్కనే గోడ గడియారం కింద కూర్చున్న నన్ను మాత్రం అడగలేదు. ఎవరితో చెప్పుకోను? వదినా, టైమెంతయిందని నన్నడగడం లేదండీ అని పంచాయితీ పెట్టగలనా? కానీ నాకు ఏడుపొచ్చేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు సూట్‌కేసు ఆయన మళ్ళీ వస్తే మా ఆయన దులిపేశారు. అతను విని విరగబడి నవ్వాడు. "దాన్ని పళ్ళెంలో పెట్టేరా బాబూ! అది మనిసి సేతికి ఉండి, ఆ సెయ్యి ఆడుతుంటేనే నడుత్తాది. బీరువాలో దాసుకునేది కాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె ఇక నా కంటపడకూడదని, దొంగలకు కూడా దొరకకూడదని, మా బెల్లం గోడౌనులో అచ్చులు పేర్చిన వరసల వెనక దాచి వచ్చాను. బెల్లం అచ్చుల మధ్య వాచీలుంటాయని ఏ దొంగ అనుకుంటాడు? ఇంత తెలివి బెల్లం కొట్టు కోడలికి తప్ప ఇంకెవరికీ రాదు. ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. గాలిలో తడి తగిలితే బెల్లం చెమరుస్తుందని, చెమర్చి చెమర్చి నీరు కారుతుందని మా ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకే గుర్తు రాలేదు. వరసలు కదిపిన రోజు మా ఆయన పెట్టెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడవలోకి తెచ్చారు. పెట్టె అడుగు నుంచి పాకం ధారగా కారుతోంది, వెనకే చీమలు బారు కట్టాయి. ముఖమల్ గుడ్డ పీల్చగలిగినంత పీల్చుకుంది, మిగతాది వాచీల లోపలికి వెళ్ళింది. "ఏటే, వాచీల్ని పాకంలో ఊరేసేవా?" అన్నారాయన. అంత బాధలోనూ నాకు నవ్వాగలేదు. ఒక్కటి కూడా బతకలేదు.

చాలా ఏళ్ళు వాచీ మాటెత్తలేదు. పిల్లలు పెరిగారు, కొట్టు అబ్బాయి చేతికి వచ్చింది, టైము చూసుకునే పని ఫోన్లు తీసేసుకున్నాయి. ఈమధ్య ఒకరోజు మెయిన్ రోడ్డులో కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళితే, పక్క దుకాణం అద్దంలో ఆనాడు పళ్ళెంలో పెట్టినలాంటి వాచీయే కనిపించింది. అదే రకం ఆటోమేటిక్. మెరుపు తగ్గింది, గాజు మీద గీతలు పడ్డాయి. ఆగిపోయి ఉంది. చేతికి పెట్టుకుని చూస్తానన్నాను. పెట్టుకున్నాను. ముల్లు కదిలింది. అక్కడే, ఆ దుకాణం మెట్ల మీదే నిర్ణయించుకున్నాను, మళ్ళీ మొదటి నుంచి కూడబెడతానని. ఇంటికెళితే మా ఆయన నా చెయ్యి చూసి, "మళ్ళీ మొదలెట్టేవా? ఈసారి ఏ పాకంలో?" అన్నారు.

ఈసారి నేను పెట్టె కొనలేదు. ముందు చెయ్యి చూసుకునేదాన్ని, తర్వాతే వాచీ. కీ ఇస్తే నడిచే పెద్ద అంకెల వాచీ ఒకటి దొరికితే, చూపు మందగించిన మా ఆయన చేతికి కట్టాను. ఆయనకు పొద్దున్నే దానికి కీ ఇవ్వడం ఒక ఉద్యోగమైంది. నీళ్ళకు చెడదని చెప్పిన బరువైన వాచీ ఒకటి, పూడిమడక నుంచి మాకు చేపలు తెచ్చే ఆవిడకు ఇచ్చాను. "నా సేతికాటమ్మా? సేపలు నన్ను సూసి నవ్వుతాయి" అంటూనే పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని తీసి బేరమాడమన్నా ఆడలేదు. ఒకటి మా కోడలికి, ఒకటి నన్ను ఎప్పుడూ తిప్పే ఆటో అతనికి, ఇలా దొరికిందల్లా ఎవరో ఒకరి చేతికి వెళ్ళింది. వాచీలు నావే, నడిపేది వాళ్ళు. దానికి అద్దె ఒక్కటే. నెలకోసారి మా కొట్టు సెలవు రోజున అందరూ వచ్చి, నా వాచీతో టైము కలుపుకుని, కాఫీ తాగి వెళ్ళాలి. వాచీల పేరు చెప్పి నా ఇల్లు నెలనెలా పెళ్ళిల్లు అయ్యేది. ముఖమల్ పెట్టె ఉన్న రోజుల్లో ఇంత సందడి నేనెరగను.

మా ఆడపడుచుకు కూడా ఒకటి ఇవ్వబోయాను. చిన్నది, నాజూకైనది, తనకోసమే వెతికి తెచ్చాను. "వద్దులే వదినా, నా టైము నా దగ్గరుండనీ" అని నవ్వేసింది. పక్కనే ఉన్న దాని మనవరాలు మాత్రం టక్కున చెయ్యి చాపి, "నాకియ్యి అమ్మమ్మా" అంది. ఆ పిల్ల అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగానికి వెళుతుంది. కంపెనీ బస్సు ఎవరికోసమూ ఆగదు. అంతకుముందు వారానికి ఎన్నిసార్లు బస్సు వెనక పరుగెత్తేదో! వాచీ కట్టుకున్నాక ఒక్కసారి కూడా బస్సు తప్పలేదట. ఆ మాట మా ఆడపడుచే మా కోడలితో చెప్పింది. నాతో చెప్పలేదు.

ఇక ఆ పిల్ల పెళ్ళి. ముందు రోజే అందరినీ పిలిచి వాచీలు కలిపించాను. ఎందుకో అడిగితే చెప్పలేను. మళ్ళీ అదే జీలకర్ర బెల్లం, అదే ఊరు, వీధిలో పందిరికి బదులు కల్యాణమండపం హాలు. నాకు లోపల గుబులుగానే ఉంది. ఈ పంతులుగారు ఈకాలం మనిషి, టైము ఫోనులో చూసుకుంటారు. ముహూర్తం దగ్గరపడే వేళకు తర్వాతి పెళ్ళివారు ఆయనకు ఫోను మీద ఫోను చేయడం మొదలుపెట్టారు. మంత్రం మధ్యలో మోగుతోందని ఆయన దాన్ని తన తమ్ముడి చేతికిచ్చి మాట్లాడమన్నారు. బ్యాండు హోరులో వినబడక ఆ తమ్ముడుగారు ఫోనుతో సహా హాలు బయటికి పోయారు. "టైము చూడండమ్మా ఎవరైనా" అన్నారు పంతులుగారు. హాలు నిండా ఫోన్లే, కానీ అవన్నీ పైకెత్తి వీడియోలు తీస్తున్నాయి. తెర పట్టుకున్న వాళ్ళ పక్కన మా ఆడపడుచు కంగారుగా అటూ ఇటూ చూసింది. చూసి, నావైపు తిరిగింది.

"వదినా, టైమెంతయింది సూడు" అంది.

చెయ్యి ముందుకు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చూసుకుని, "ఇంకా నాలుగు నిమిషాలుంది" అన్నాను. అనగానే ఆడవాళ్ళ వరసలోంచి చేపలావిడ లేచి చెయ్యెత్తి, "అవునమ్మా, నాలుగు నిమిసాలే!" అని అరిచింది. మా ఆయన కుర్చీలోంచే చెయ్యెత్తారు. గుమ్మం దగ్గర నుంచి ఆటో అతను, పళ్ళాలు సర్దుతున్న మా కోడలు, వెనక వరసల్లో ఇంకా ఎవరెవరో, అందరూ మణికట్లు తిప్పి చూపిస్తూ నాలుగే, నాలుగే అంటున్నారు. ఆఖరికి తెర వెనక నుంచి కూడా గోరింటాకు చెయ్యి ఒకటి పైకి లేచింది. గాజుల మధ్య ఆ నాజూకు వాచీ. "నాలుగే అమ్మమ్మా!" అంది పెళ్ళికూతురు. హాలంతా గొల్లున నవ్వింది. మా ఆడపడుచు ఆ చేతులన్నీ ఒక్కొక్కటే చూసింది. "ఇన్ని వాచీలు... అన్నీ ఒక్కటే టైము సెప్పేయే వదినా!" అంది. అచ్చం వాళ్ళ నాన్నగారి గొంతే. కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుని, వాచీతో సహా పంతులుగారి ముందు పెట్టింది. జీలకర్ర బెల్లం పెట్టి తెర దించేదాకా వదల్లేదు. మా కొట్టు బెల్లమే అది. సరిగ్గా సమయానికి పడింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే బుచ్చయ్యపేట నుంచి నాకు ఫోను వస్తుంది. "వదినా, టైమెంతయింది?" అంటుంది. దాని చెవి దగ్గరున్న ఫోనులోనే టైము ఉంటుందని దానికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడుగుతుంది. నేను తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి తిప్పి చూసి చెబుతాను. ఆ తర్వాత ఇద్దరం మామిడికాయ ముక్కల రోజుల్లో లాగే లోకాన్ని కడగడం మొదలుపెడతాం. పోయిన కాలం తిరిగి రాదని అందరూ అంటారు గానీ, మాది మాత్రం రోజూ పొద్దున్న కాఫీ వేళకు తిరిగి వస్తోంది.