మరో ఏడాది నడపవచ్చు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

బెంగళూరులో సిటీ బస్సులు నడిపేచోట ఇంజనీరుని. ఏ బస్సును తుక్కు కింద తీసేయాలి, దేన్ని బాగుచేసి ఇంకా నడపాలి అని ఏటా జాబితా రాయడం అప్పట్లో నా పని. డిపోల్లో మెకానిక్కులు బస్సును చూసి, దాని పరిస్థితి కాగితం మీద రాసిస్తారు. వాళ్ల మాటే నాకు ఆధారం.

ఆ ఏడాది కొత్త బస్సులు తక్కువ వస్తాయని తెలిసింది. "జాబితా చిన్నదిగా ఉండాలి" అన్నాడు మా పై అధికారి. అబద్ధం రాయమని అనలేదు. చాలాకాలం నేను ఆయన మాట చాటునే దాక్కున్నాను.

ఒకరోజు మునియప్ప ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. డిపోలో హెడ్ మెకానిక్ ఆయన. తాతల నాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాడు. వర్తూరు వైపు తిరిగే ఒక బస్సుకు ఎన్నిసార్లు బాగుచేసినా బ్రేకు నిలవడం లేదని, దాన్ని తీసేయాలని రాశాడు. చదివి, సరే అన్నాను. ఆయన వెళ్లాక జాబితాలో ఆ బస్సు ఎదురుగా "మరో ఏడాది నడపవచ్చు" అని రాశాను.

ఎందుకు రాశాను? నాకు ప్రమోషన్ రావాల్సి ఉంది. అంతకంటే మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని ఏళ్ల తరబడి నాలో నేను వెతుక్కున్నాను. లేదు.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం ఆ బస్సు స్టాపులో ఆగలేదు. అక్కడ నిలబడి ఉన్న ఈశ్వరమ్మ మీదికి వెళ్లింది. కదిరి వైపు నుంచి వచ్చి, కట్టడాల దగ్గర ఇటుకలు మోసి బతికే మనిషి. మోకాలి కింద కాలు తీసేశారు.

విచారణ వేశారని తెలిసిన రోజే, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, ఫైల్లోంచి మునియప్ప కాగితం తీసి చింపాను. ముక్కలు చెత్తబుట్టలో వేసి, నేనూ వెళ్లి మామూలుగానే భోజనం చేశాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మర్నాడు ఆయన వచ్చాడు.

"అమ్మా, నేను రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉండాది కదా. అదొకటి చూపించేస్తే సాలు."

"అలాంటిదేమీ నాకు రాలేదు మునియప్పా."

"నా చేత్తోనే ఈడ పెడితి కదమ్మా. మీరు సదివి, సరే అంటిరి."

"గుర్తులేదు."

"గుర్తుండాదిలేమ్మా మీకు," అని వెళ్లిపోయాడు.

నిర్లక్ష్యం చేశాడని ఆయన ఉద్యోగం తీసేశారు. నాకు ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు కొత్త ఇంజనీర్లకు బస్సుల భద్రత గురించి పాఠాలు చెప్పేది నేనే. మెకానిక్ మాట వినండి అంటాను. పాపం, రాసుకుంటారు. ఆ రోజు ఒక్క మాట ఒప్పుకుంటే మహా అయితే నా ఉద్యోగం పోయేది, ఇంకోటి దొరికేది, చదువుంది, వయసుంది; మరి ఇవేవీ లేని మనిషి మీదికి నా తప్పు తోసి ఇన్నేళ్లు ఎలా తిన్నాను, ఎలా నిద్రపోయాను?

పోయిన నెల వాకబు చేసి, ఊరి చివర ఉన్న బొమ్మసంద్రకు వెళ్లాను. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా ఉన్నాడు మునియప్ప. జుట్టంతా నెరిసింది. నన్ను పోల్చుకున్నాడో లేదో, ఎవరిని చూడాలో రాయమని రిజిస్టర్ ముందుకు జరిపాడు. ఆయన పేరే రాశాను. తలెత్తాడు.

నిలబడే చెప్పాను. కాగితం వచ్చింది, చదివాను, చింపింది నేనే అని.

అంతా విన్నాడు. లారీ హారన్ కొడితే గేటు తీయడానికి లేచాడు. అది వెళ్లిపోయాక కూడా అక్కడే, నాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

ఈశ్వరమ్మ ఎక్కడుందో ఇంకా తెలియలేదు. ఆమెకూ ఇదే చెప్పాలి. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీది కాదు. పదకొండేళ్ల తర్వాత నిజం చెప్పాను, ముందు ఆయనకు, ఇప్పుడు మీకు. అంతే.